ముద్దాయి పక్కన వకీలు ఎప్పుడు నిలబడాలి?

2024 నవంబరు 11న దుద్యాల మండలం లగచర్లలో దాడి జరిగింది. ఫార్మా పరిశ్రమల కోసం తలపెట్టిన భూసేకరణ మీద ఊరి మాట వినడానికి వెళ్లిన వికారాబాద్ కలెక్టర్ మీదా, వెంట ఉన్న అధికారుల మీదా జరిగిన దాడి అది. ఆ తర్వాతి ఐదు వారాల్లో రిమాండ్, కస్టడీ పిటిషన్, హత్యాయత్నం సెక్షన్, జమానతు అనేవి చుట్టుపక్కల తండాల్లో రోజువారీ మాటలైపోయాయి. కొడంగల్ మాజీ ఎమ్మెల్యే పట్నం నరేందర్ రెడ్డిని నవంబరు 13న హైదరాబాద్‌లో అరెస్టు చేసి, కొడంగల్ కోర్టులో హాజరుపరిచి, చర్లపల్లి జైలుకు పంపారు. రైతులు సంగారెడ్డి జైలుకు వెళ్లారు. రిమాండ్ చెల్లుతుందా, ఒకే ఘటనకు ఇన్ని ఎఫ్‌ఐఆర్‌లు ఎందుకు అన్న ప్రశ్నలు హైకోర్టు దాకా వెళ్లాయి. డిసెంబరు 12న ఛాతీనొప్పి వచ్చిన ఒక గిరిజన రైతును బేడీలతో ఆస్పత్రికి తీసుకొచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. జైలు అధికారి సస్పెండయ్యాడు. డిసెంబరు 18న నాంపల్లి ప్రత్యేక కోర్టు మాజీ ఎమ్మెల్యేకూ రైతులకూ బెయిలిచ్చింది.

దాడి ఎవరు చేశారు, ఎవరు చేయించారు అన్నది కోర్టు తేల్చవలసిన విషయం. నాకు ఆ కేసులో ముఖ్యంగా తోచింది వేరు. లగచర్ల వాళ్ల వెంట పార్టీ నిలబడింది, హక్కుల సంఘాలు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, వకీళ్లు కేసు మొదట్లోనే వచ్చారు. అదే జిల్లాలో అదే హత్యాయత్నం సెక్షన్ కింద, గట్టు తగాదాలోనో కల్లు దుకాణం ముందు కొట్లాటలోనో పట్టుబడిన కూలీ వెంట ఎవరుంటారు? అతని భార్య ఠాణా బయట చెట్టు కింద కూర్చుంటుంది. వకీలును వెతకడం రిమాండ్ అయ్యాక మొదలవుతుంది, దొరకడానికి వారాలు పడుతుంది. చాలామందికి నిజమైన డిఫెన్స్ చార్జిషీటు కాపీలు చేతికొచ్చాక గానీ మొదలవదు. అప్పటికి కేసులో సగం నిర్ణయమైపోయి ఉంటుంది. తీవ్రమైన నేరాల్లో డిఫెన్స్ లాయరు పని గురించి మన దగ్గర జరిగే చర్చంతా కోర్టు హాల్లో వాదన చుట్టూ తిరుగుతుంది. ఆ చర్చ అరెస్టు జరిగిన తొలి గంటల దగ్గరికి రావాలని నా వాదన.

ముందు ఈ నేల సంగతి. వికారాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. జిల్లా కోర్టు మాత్రం 2022 జూన్ 2న, రాష్ట్రంలో కొత్త న్యాయ జిల్లాలు మొదలైన రోజున వచ్చింది. అంతకుముందు తాండూరు, పరిగి, వికారాబాద్‌లు రంగారెడ్డి జిల్లా న్యాయవ్యవస్థలో, కొడంగల్ మహబూబ్‌నగర్ వైపున ఉండేవి. తాండూరులో హత్య జరిగితే చార్జిషీటు అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో పడుతుంది. అక్కడి నుంచి కేసు వికారాబాద్ సెషన్స్ కోర్టుకు కమిట్ అవుతుంది. అప్పీలు హైదరాబాద్‌లో. ముద్దాయి ఉండే జైలు మరో చోట. తాండూరు నుంచి వికారాబాద్ నలభై కిలోమీటర్ల దూరం. బండల గనిలో పనిచేసే మనిషికి ఒక్క పేషీ అంటే ఒక రోజు కూలి పోయినట్టే. సాక్షి అయినా, జమానతుదారు అయినా అంతే.

తాండూరు అంటే నాపరాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, కందులు. పక్కనే కర్ణాటకలోని చించోళి, సేడం. పనులకు, పెళ్లిళ్లకు జనం సరిహద్దును పట్టించుకోరు. ఊళ్లో తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ నాలుగూ వినిపిస్తాయి. ఈ సంగతి నేర విచారణలో ఎంత లోతుగా పనిచేస్తుందో బయటివాళ్లకు అర్థం కాదు. తండాలో ఒక స్త్రీ తన కళ్లముందు జరిగింది లంబాడీలో చెబుతుంది. ఠాణాలో అది పోలీసు తెలుగులో స్టేట్‌మెంటు అవుతుంది. ‘అదను చూసి’, ‘చంపాలనే ఉద్దేశంతో’ వంటి, ఆమె నోట ఎన్నడూ రాని మాటలు అందులో చేరతాయి. నలుగురు సాక్షుల స్టేట్‌మెంట్లలో అవే వాక్యాలు, అదే వరసలో. ఏళ్ల తర్వాత బోనులో ఆమె తనకొచ్చిన తెలుగులో చెబితే, జడ్జి దాన్ని ఇంగ్లిషులో రికార్డు చేయిస్తారు. మూడు భాషలు దాటి వచ్చిన మాట మీద ఒకరి యావజ్జీవం ఆధారపడుతుంది. ఆమె అసలు మాట ఏమిటో తెలిసిన వకీలు ఒక రకంగా క్రాస్ చేస్తాడు, తెలియనివాడు మరో రకంగా చేస్తాడు. సరిహద్దు పట్టణంలో మంచి డిఫెన్స్ లాయరుకు కావలసిన మొదటి అర్హత చెవి అని నేనంటాను.

ఇప్పుడు తొలి రోజు. చట్టం కాగితం మీద బలంగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం అరెస్టు కారణాలు చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, డాక్టరుతో పరీక్ష చేయించాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. విచారణ సమయంలో, మొత్తం సేపు కాకపోయినా, వకీలును కలిసే హక్కు 38వ సెక్షన్‌లో ఉంది. రాజ్యాంగం 22వ అధికరణ ఎలాగూ ఉంది. 2023లో పంకజ్ బన్సల్, 2024లో ప్రబీర్ పుర్కాయస్థ కేసుల్లో ప్రత్యేక చట్టాల కింద జరిగే అరెస్టులకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని చెప్పిన సుప్రీంకోర్టు, 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో ఇంకో అడుగు వేసింది: ఏ నేరమైనా సరే, కారణాలు అర్థమయ్యేలా తెలపకపోతే అరెస్టే చెల్లదంది. ఆ కేసులో ముద్దాయిని ఆస్పత్రి మంచానికి గొలుసుతో కట్టేశారు. కోర్టు దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సంగారెడ్డి బేడీల దృశ్యం తర్వాత రెండు నెలలకే వచ్చిన తీర్పు ఇది. బేడీల గురించి 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా తీర్పు ఉంది. కొత్త చట్టం అరెస్టప్పుడూ కోర్టుకు తెచ్చేటప్పుడూ బేడీలు వేయదగిన నేరాల జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో హత్య ఉంది, హత్యాయత్నం లేదు. ఇంత చిన్న తేడాను రిమాండ్ రోజునే ఎత్తి చూపే మనిషి పక్కన ఉంటేనే చట్టం చట్టమవుతుంది.

తొలి రోజున జరిగే అన్నిటికంటే పెద్ద సంగతి నేరాంగీకార పంచనామా. తెలుగు రాష్ట్రాల్లో పోలీసు పనిలో ఇది పాతుకుపోయిన అలవాటు. ఇద్దరు పంచుల ఎదుట ముద్దాయి నేరం మొత్తం ఒప్పుకున్నట్టు పేజీలకు పేజీలు రాసి, చివర కత్తి ఎక్కడ దాచాడో చూపిస్తానన్నట్టు రాసి, అక్కడికి వెళ్లి స్వాధీనం చేసుకుంటారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. మినహాయింపు ఒక్కటే: ఆ మాట వల్ల కొత్తగా ఏదైనా వాస్తవం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన భాగం మాత్రం చెల్లుతుంది. ఈ గీత ఎక్కడ గీయాలో దేశమంతటికీ నేర్పిన కేసు మన గుంటూరు జిల్లాది. పులుకూరి కొట్టయ్య కేసు. పులిపాడు చెరువు దగ్గర ప్రత్యర్థుల కోసం కాపు కాశామని, ఈటెతో పొడిచామని, ఈటెను ఫలానా చోట దాచామని నిందితులు చెప్పినట్టు పోలీసులు రాశారు. 1947 రిపోర్టుల్లో అచ్చయిన తీర్పులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది: ఈటె దాచిన చోటు నిందితుడికి తెలుసు అన్నంతవరకే సాక్ష్యం, పొడిచాను అన్న మాట పనికిరాదు.

ఆ తీర్పు వచ్చి ముప్పావు శతాబ్దం దాటింది. ఇప్పటికీ మొత్తం ఒప్పుకోలును కోర్టు ముందు పరిచే ప్రయత్నం ఆగలేదు. పత్రికల సంగతి మరీ ఘోరం. ముసుగు వేసి నిలబెట్టిన నిందితుల వెనక బ్యానరు కట్టి పెట్టే ప్రెస్ మీట్‌లో, కోర్టులో చెల్లని ఆ ఒప్పుకోలే మరునాటి శీర్షిక అవుతుంది. ఊరు ఆ రోజే తీర్పు చెప్పేస్తుంది. తొలి గంటల్లో వకీలు ఉంటే పంచులు ఎవరు, ఎన్ని గంటలకు ఎక్కడ సంతకం పెట్టారు, ముద్దాయిని ఠాణాకు నిజంగా ఎప్పుడు తెచ్చారు అన్నవి అప్పుడే రాసి పెట్టుకోగలడు. కొత్త చట్టం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలంటోంది. ఏడేళ్లూ ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ బృందం ఘటనాస్థలికి వెళ్లాలంటోంది. ఆ వీడియో ఉందా, లేకపోతే ఎందుకు లేదు అని మొదటి వారంలో అడగడానికీ మూడేళ్ల తర్వాత క్రాస్‌లో అడగడానికీ చాలా తేడా ఉంది. ఠాణా సీసీ కెమెరా దృశ్యాలు అన్నాళ్లు ఉండవు.

రిమాండ్ సమయంలో ఎవరూ లేకపోతే ఏం జరుగుతుందో మన పొరుగున షాద్‌నగర్‌లో చూశాం. 2019 నవంబరు చివర ‘దిశ’ హత్యాచారం తర్వాత నలుగురిని అరెస్టు చేశారు. ఠాణా చుట్టూ వేలమంది పోగయ్యారు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు రిమాండ్ విధించారు. నిందితుల తరఫున వాదించబోమని స్థానిక న్యాయవాదుల సంఘం ప్రకటించింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో బయటికొచ్చిన నివేదికలో, కాల్పులు ఉద్దేశపూర్వకంగా జరిగాయని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పోలీసు అధికారులు ఆ నివేదికను హైకోర్టులో సవాలు చేశారు. కానీ వయసు ప్రశ్న ఒక్కటి తీసుకోండి. బడి రిజిస్టరు తెచ్చి మేజిస్ట్రేటు ముందు పెట్టడం జూనియర్ వకీలు కూడా చేయగల పని. ఆ వారం రోజుల్లో నిందితుల పక్కన నిలబడ్డ వకీలు ఒక్కడున్నా ఆ ప్రశ్న లేచేది. బాధితురాలి కుటుంబానికి విచారణ జరిగి, సాక్ష్యం వినబడి, కోర్టు తీర్పుగా న్యాయం అందే దారి కూడా ఆ తెల్లవారుజామునే మూసుకుపోయింది.

అదే నెలలో ఆసిఫాబాద్ జిల్లా ‘సమత’ హత్యాచారం కేసులోనూ అక్కడి న్యాయవాదులు వాదించబోమన్నారు. కోర్టు ఒక వకీలును నియమించాల్సి వచ్చింది. 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష పడింది. ఇలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010 డిసెంబరులోనే మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. బార్ కౌన్సిల్ నియమాలు కూడా, నిందితుడు దోషి అని తనకు అనిపించినా సరే వకీలు అతని కోసం వాదించాలంటున్నాయి. ఇది నాకు రాజీ పడలేని విషయం. ఆగ్రహం మనుషులుగా వకీళ్లకూ ఉంటుంది, ఉండాలి. కానీ సంఘంగా తీర్మానం చేయడమంటే, ధైర్యం చేసి ముందుకొచ్చే ఒక్క జూనియర్‌ను కూడా భయపెట్టి వెనక్కి లాగడమే.

తెలంగాణ నేలకు ఈ పాఠం కొత్తది కాదు. సాయుధ పోరాటం అణచివేత రోజుల్లో హైదరాబాద్ రాష్ట్రంలోని ప్రత్యేక ట్రిబ్యునళ్లు రైతులకు మరణశిక్షలు వేశాయి. 1951లో జనార్దన్ రెడ్డి కేసులో ఆ శిక్షలు సుప్రీంకోర్టు ముందుకొచ్చాయి. ముద్దాయిల కోసం ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. విచారణలో తమకు సరైన న్యాయవాది లేడన్నది ఒక ప్రధాన ఫిర్యాదు. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని అప్పటి కోర్టు అంది. తర్వాత ఉరిశిక్షలు తగ్గాయి గానీ, ఆ మాట సరైనది కాదని అంగీకరించడానికి దేశానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1979లో హుస్సేనారా ఖాతూన్, 1981లో ఖత్రీ, 1986లో సుక్ దాస్ తీర్పులు వచ్చాకే ఉచిత న్యాయసహాయం జీవించే హక్కులో భాగమైంది. ఆ మధ్యకాలమంతా ఆ ఖాళీని పూరించింది మనుషులు. పార్వతీపురం కుట్ర కేసు నుంచి సికింద్రాబాద్ కుట్ర కేసు దాకా ముద్దాయిల వైపు నిలబడ్డ కె.జి. కన్నబిరాన్ వాళ్లలో ముందు వరసలో ఉంటారు. మరణశిక్ష పడిన నక్సలైట్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరిని ఆపడానికి ఆయన చేసిన పోరాటం 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఓడిపోయింది. ఆయన ఆత్మకథ ‘24 గంటలు’ చదివినవారికి తెలుస్తుంది, ఈ వృత్తిలో ఓడిన కేసులు ఎంతకాలం వెంట ఉంటాయో.

బెయిలు సంగతికొస్తే, తాండూరు వైపు కష్టం చాలా నిర్దిష్టమైనది. కోర్టు ఇద్దరు జమానతుదారులను తెమ్మంటుంది. ముద్దాయి గని కూలీ. అన్నదమ్ములు, మేనమామలు చించోళి వైపు. వాళ్ల భూమి కాగితాలు కన్నడంలో ఉంటాయి. బయటి జిల్లా, బయటి రాష్ట్రం వాళ్ల జమానతు ఒప్పుకోమంటే మనిషి బెయిలు వచ్చి కూడా జైల్లోనే ఉంటాడు. ఈ కష్టానికి 1978లోనే జవాబుంది. మోతీ రామ్ అనే తాపీ మేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో పదివేల రూపాయల జమానతు అడిగి, వేరే జిల్లాలో ఉన్న అన్నదమ్ముడి ఆస్తి చెల్లదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును గట్టిగా తప్పుపట్టి, పేదవాడి బెయిలుకు ప్రాంతం అడ్డు రాకూడదన్నారు. బెయిలు వచ్చి వారం దాటినా విడుదల కాని ఖైదీ వివరాలు జైలు నుంచి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చేరాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ రెండూ చేతిలో పట్టుకుని మెమో వేసే వకీలు కావాలి. ఇందులో వాక్చాతుర్యం ఏమీ లేదు.

డిఫాల్ట్ బెయిలు కూడా అలాంటిదే. పదేళ్లూ ఆపైన శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజుల్లోపు చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడగాలి, చార్జిషీటు పడకముందే అడగాలి. నోటితో అడిగినా చాలని 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో కోర్టు చెప్పింది. తొంభై ఒకటో రోజు ఉదయం కోర్టులో ఉండటం కంటే పెద్ద నైపుణ్యం దీనికి అక్కర్లేదు. ఆ ఉదయం ఎవరూ లేకపోవడం వల్ల జైల్లో గడిచే ఏళ్లకు లెక్క రాసేవారు లేరు.

ట్రయల్ గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడి కేసుల్లో ఎక్కువగా తగిలే రెండు మూడు చోట్లే ఆగుతాను. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటుకూ బోనులో చెప్పినదానికీ తేడా పట్టుకోవడం డిఫెన్స్ రోజువారీ పని. సాక్షి ముందు ఆ భాగం పెట్టి, కాదంటే దర్యాప్తు అధికారితో ఔననిపించి, డిఫెన్స్ ఎగ్జిబిట్‌గా మార్కు చేయించాలి. ఈ వరస తప్పితే తేడా ఎంత పెద్దదైనా రికార్డులో ఉండదు. అప్పీలులో హైకోర్టు చూసేది రికార్డునే. మేజిస్ట్రేటుకు ఎఫ్‌ఐఆర్ ఏ గంటకు చేరింది, శవ పంచనామాలో నిందితుడి పేరుందా, గాయాల కొలతకూ కత్తి కొలతకూ పొత్తు కుదిరిందా అన్న చిల్లర ప్రశ్నల్లోనే చాలా కేసులు నిలబడతాయి లేదా కూలుతాయి.

కాలిన గాయాల కేసుల్లో మరణ వాంగ్మూలం ఉంటుంది. తాండూరు ఆస్పత్రిలో ఒకటి, హైదరాబాద్‌లో మేజిస్ట్రేటు ముందు మరొకటి, ఇంట్లోవాళ్లకు చెప్పింది ఇంకొకటి. మరణ వాంగ్మూలం గురించి మొదటి పాఠంగా దేశమంతటా చదివే పాకాల నారాయణస్వామి కేసు కూడా మనదే. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో రైలు డబ్బాలోని ట్రంకు పెట్టెలో శవం దొరికింది. చనిపోయినతను పిఠాపురం దివానుగారి కొలువులో పనిచేసినవాడు. తాను ఎవరి పిలుపు మీద బరంపురం వెళ్తున్నాడో బయల్దేరేముందు భార్యకు చెప్పిన మాట చావుకు దారితీసిన పరిస్థితి కిందికి వస్తుందని 1939లో లార్డ్ అట్కిన్ చెప్పారు. ఆ తీర్పు నిందితుడికి వ్యతిరేకంగానే వచ్చింది. డిఫెన్స్ లాయరు చదవాల్సింది గెలిచిన తీర్పులే అనుకుంటే పొరపాటు.

మత్తుపదార్థాల కేసుల్లో జమానతు గోడ ఇంకా ఎత్తు. ఈ జిల్లాలో 2021 జనవరిలో కల్లు తాగి వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం మత్తుపదార్థాల చట్టం కిందికొస్తుంది. వంద గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే బెయిలుకు ఆ చట్టం 37వ సెక్షన్ అడ్డు. దొరికేది సాధారణంగా దుకాణంలో జీతగాడు. పొడి సరఫరా చేసినవాడు దూరంగా ఉంటాడు. నమూనా ఎలా తీశారు, ముద్ర ఎవరు వేశారు, మేజిస్ట్రేటు ముందు తీశారా అన్నవి అడిగే వకీలు ఆ జీతగాడికి దొరకాలి. పోక్సో కేసుల్లో పని మరింత సున్నితం. నేరం చేసినట్టే కోర్టు ముందుగా భావించాలని 29వ సెక్షన్ చెబుతుంది. పిల్లలను నేరుగా నిలదీయకూడదు, ప్రశ్న జడ్జి ద్వారా వెళ్లాలి. నిజంగా దాడికి గురైన పసిపిల్ల కేసు, పదిహేడేళ్ల అమ్మాయి ఇరవయ్యేళ్ల అబ్బాయితో వెళ్లిపోయిన కేసు ఒకే చట్టం కింద వస్తాయి. మొదటి దాంట్లో వకీలు తన ప్రశ్న ఆ బిడ్డకు మరో గాయం కాకుండా చూసుకోవాలి. అది కుదరదనుకునేవారు ఆ కేసు తీసుకోకూడదు.

ఇంకొకటి సూటిగా చెప్పాలి. మన ఊళ్లలో చాలా హత్య కేసులు కొట్టేయబడేది క్రాస్ వల్ల కాదు, రాజీ వల్ల. పెద్దమనుషులు కూర్చుంటారు, డబ్బు చేతులు మారుతుంది, సాక్షులు ఎదురు తిరుగుతారు. దాన్ని డిఫెన్స్ విజయం అనుకునే అలవాటు వృత్తికి మచ్చ. సాక్షిని కొనడానికి దారి చూపిన వకీలు తన ముద్దాయికి కూడా మేలు చేయలేదు. అందరి కళ్లలో అతను హంతకుడిగానే మిగిలిపోతాడు. గట్టి డిఫెన్స్ జరిగిన చోట శిక్ష కూడా గట్టిగా నిలుస్తుంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న జరిగిన ప్రణయ్ హత్య కేసులో ముద్దాయిల తరఫున పూర్తి విచారణ నడిచింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ తీర్పును ఏకపక్షమని ఎవరూ కొట్టిపారేయలేరు.

దీనికి పూర్తి విరుద్ధమైనది సత్యంబాబు కేసు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో పట్టుకున్న సత్యంబాబును 2010లో విజయవాడ కోర్టు దోషి అంది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, నష్టపరిహారంగా లక్ష రూపాయలు ఇమ్మంది. మధ్యలో ఎనిమిదేళ్ల పైచిలుకు జైలు, నడవలేని స్థితికి తెచ్చిన జబ్బు. అతను కాదని మొదటి నుంచీ చెబుతూ వచ్చింది చనిపోయిన అమ్మాయి తల్లే. ముద్దాయి హక్కులకూ బాధితుల న్యాయానికీ వైరం ఉందని వాదించేవారు ఆ తల్లి మాట వినాలి. తప్పు మనిషిని పట్టుకున్న ప్రతి రోజూ అసలు మనిషి దొరక్కుండా పోయిన రోజే. 2018లో ఆ కేసు సీబీఐకి వెళ్లేసరికి పదేళ్ల పాత జాడలే మిగిలాయి.

వేగం గురించి ఒక మాట. మధ్యప్రదేశ్‌లో అనోఖీలాల్ అనే అతనికి 2013లో నెలా కొద్ది రోజుల్లోనే మరణశిక్ష పడింది; వకీలును నియమించిన రోజే అభియోగాలు నమోదు చేశారు. 2019 డిసెంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మరణశిక్షగానీ యావజ్జీవంగానీ పడగల కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్న వకీలునే నియమించాలని, తయారీకి కనీసం వారం ఇవ్వాలని చెప్పింది. 2024లో అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. త్వరగా తీర్పు రావాలని కోరే మనమందరం ఈ కథను గుర్తుంచుకోవాలి.

ఇక వకీలు భద్రత. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణిలను పట్టపగలు రోడ్డు మీద నరికి చంపారు. 2025లో సుప్రీంకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి ఇచ్చింది. సలహా ఇచ్చినందుకు వకీళ్లకే పోలీసులు సమన్లు పంపడం మొదలుపెడితే, అదే ఏడాది అక్టోబరు 31న కోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. చిన్న ఊళ్లో పెద్ద కేసు పట్టే వకీలు ముద్దాయి శత్రువుల మధ్యే ఇల్లు కట్టుకుని ఉంటాడన్నది మర్చిపోకూడదు.

ఈ పరిస్థితి మారే అవకాశం ఇప్పుడుంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో తెచ్చిన డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో, ప్రైవేటు కేసులు పట్టకుండా పూర్తికాలం ముద్దాయిల కోసమే పనిచేసే వకీళ్లుంటారు. అరెస్టుకు ముందు నుంచే సహాయం అందాలని 2019లోనే అదే సంస్థ ఒక పథకం రాసింది. లోపం అమలులోనే. వికారాబాద్‌కు కావలసినవి చాలా మామూలు పనులు. ఆదివారాలు, పండగ రోజుల్లో మేజిస్ట్రేటు ఇంటి దగ్గర జరిగే రిమాండ్లకు కూడా తాండూరు, పరిగి, కొడంగల్‌లలో ఒక్కో రిమాండ్ వకీలు తప్పకుండా ఉండాలి. లంబాడీ, కన్నడ, ఉర్దూ వచ్చిన వకీళ్ల జాబితా వేరుగా ఉండి, ఆ భాషల ముద్దాయిలు వాళ్లకే వెళ్లాలి. ఠాణాలో అరెస్టు మెమో పక్కనే న్యాయసహాయం నంబరు నాలుగు భాషల్లో రాసి ఉండాలి, ఠాణా ముందు కూర్చున్న ఇంటివాళ్లకు ఎస్సై దాన్ని చదివి వినిపించాలి. ప్రతి కొత్త ఖైదీ వకాలత్ మీద సంతకం ఎప్పుడు పెట్టాడో జైల్లో ఒక రిజిస్టరులో రాయాలి. ఆ తేదీకీ అరెస్టు తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో జిల్లా జడ్జి నెలకోసారి చూస్తే చాలు, ఏ ఠాణా పరిధిలో వకీలు ఆలస్యంగా చేరుతున్నాడో ఆ రిజిస్టరే చూపిస్తుంది.